అన్నవాడి మాట, చెప్పేవాడి చూపు

‘ఐ విల్ కమ్ టుమారో,’ సెడ్ రవి. ఈ వాక్యాన్ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమని అడిగితే, బాన్సువాడలోనో బీర్కూరులోనో తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లవాడు చాలాసార్లు ఇలా రాస్తాడు: ‘రవి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.’ దిద్దేవారి ఎర్ర పెన్ను నాలుగు చోట్ల ఆగుతుంది. టోల్డ్ పక్కన ఎవరికి చెప్పాడో లేదు. ఐ ఉన్నచోట హి ఉండాలి. విల్ కాస్తా వుడ్ కావాలి. టుమారో పోయి ద నెక్స్‌ట్ డే రావాలి. ఒక్క వాక్యంలో నాలుగు తప్పులు, మార్కు లేదు.

ఆ నాలుగింటిలో ఒక్కటీ నిర్లక్ష్యంతో చేసింది కాదని నా నమ్మకం. ఆ పిల్లవాడు ఒక వ్యాకరణాన్ని పొల్లుపోకుండా పాటించాడు. అది ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న వ్యాకరణం. ‘రేపు వస్తానని రవి చెప్పిండు’ అన్నప్పుడు ‘చెప్పిండు’ పక్కన ఎవరికి అన్నది అక్కర్లేదు. ‘వస్తాను’లోని ‘ను’ రవి నోటి నుంచి వచ్చినట్టే ఉండిపోయింది. జరగబోయేది జరగబోయేదిగానే ఉంది. ‘రేపు’ కదల్లేదు. ఈ వాక్యాన్ని మాటకు మాటగా ఇంగ్లిష్‌లో పెడితే, ఎర్ర పెన్ను ఆగిన ఆ వాక్యమే వస్తుంది. తప్పు పట్టడానికి ముందు తెలుసుకోవలసిన సంగతి ఇందులో చాలా ఉంది. భాషాశాస్త్రం గత యాభై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న ఒకటి ఈ చిన్న వాక్యంలోనే దాగి ఉంది.

బడిలో ఈ పాఠం ఒక పట్టికగా వస్తుంది. ఈజ్ ఉంటే వాజ్, విల్ ఉంటే వుడ్, టుడే ఉంటే దట్ డే, హియర్ ఉంటే దేర్, అగో ఉంటే బిఫోర్. రెన్, మార్టిన్‌ల హైస్కూల్ గ్రామర్ 1930ల నుంచి మన దేశంలో తరాల తరబడి పిల్లల చేత ఈ మార్పులను వల్లె వేయించింది. ఇరవై మార్పులున్నట్టు కనిపించే ఈ పట్టిక వెనక కారణం మాత్రం ఒక్కటే. దాన్ని చెప్పకుండా పట్టికను మాత్రం బట్టీ పట్టిస్తున్నాం. అదే నా బాధ.

కారణం ఏమిటంటే, ప్రతి భాషలోనూ కొన్ని మాటలకు సొంతంగా అర్థం ఉండదు. ‘చింతచెట్టు’ అంటే ఎవరన్నా, ఎప్పుడన్నా చింతచెట్టే. ‘నేను’ అంటే ఎవరు? అన్నవాడు. ‘రేపు’ అంటే ఏ రోజు? అన్న రోజుకు మరునాడు. ‘ఇక్కడ’ అంటే అన్నవాడు నిలబడ్డ చోటు. అన్నదెవరో, ఎప్పుడో, ఎక్కడో తెలియకపోతే ఈ మాటలు ఖాళీ. కిరాణా కొట్టులో వేలాడే ‘నగదు నేడు, అప్పు రేపు’ బోర్డు బలమంతా ఇక్కడే ఉంది. అది ఎప్పుడు రాసిందైనా, చదివిన రోజుకే ‘రేపు’ లెక్క మొదలవుతుంది. 1990లలో తెలుగు పల్లెల్లో ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. కన్నడ నాట అదే కాలంలో ‘నాళె బా’ అని రాసుకున్నారు. రాత్రి పూట వచ్చే దయ్యం దాన్ని చదివి తిరిగిపోతుందని, మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుంటుందని జనం నమ్మకం. ఆ నమ్మకం నిలబడింది ‘రేపు’ స్వభావం మీదే. తేదీ వేసి రాసి ఉంటే ఆ రక్ష ఒక్క రాత్రికి సరిపోయేది.

ఇప్పుడు ఒకరి మాటను ఇంకొకరు చెబుతున్నారనుకుందాం. అక్కడ ఇద్దరు మనుషులు, రెండు సమయాలు, రెండు చోట్లు. ‘నేను’ ఎవరి నేను? ‘రేపు’ ఎవరి రేపు? ఇంగ్లిష్ ఈ చిక్కును ఒక పద్ధతిలో విప్పుతుంది. మాట అన్నవాడు పక్కకు జరుగుతాడు, చెప్పేవాడు తన చోట నిలబడి మొత్తం వాక్యాన్ని తన వైపు నుంచి తిరిగి కొలుస్తాడు. రవి తనను ఐ అనుకున్నాడు, నా వైపు నుంచి చూస్తే అతను హి. రవికి ముందున్న రాకడ నాకు గడిచిపోయిన ఒక క్షణం నుంచి కొలవాల్సినది, కాబట్టి వుడ్. పట్టిక అంతా ఇదే. ఒకవేళ నేను రవి మాటను అదే రోజు చెబుతుంటే టుమారోను మార్చనక్కర్లేదు, నా రేపు కూడా అదే కదా. అతను మాట్లాడిన చోటే ఉండి చెబుతుంటే హియర్‌ను దేర్ చేయడం తప్పు కూడా. ఈ సంగతి పట్టిక చెప్పదు. బట్టీ పట్టిన పిల్లవాడు అన్నిటినీ మార్చేస్తాడు.

కాలం వెనక్కి జరిగే ఈ మార్పును డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ ‘బ్యాక్ షిఫ్టింగ్’ అన్నాడు. ఇది లోకంలో అన్ని భాషలకూ ఉన్న గుణం కాదు. రష్యన్, జపనీస్ భాషల్లో లోపలి వాక్యం తన కాలాన్ని అలాగే నిలుపుకుంటుంది. ‘జ్వరంగా ఉందని టీచరమ్మ చెప్పింది’ అని మనం అన్నట్టే వాళ్లూ అంటారు. ఇంగ్లిష్‌లో ‘షి సెడ్ షి వాజ్ సిక్’ అంటే జ్వరం అప్పుడు ఉందా, అంతకుముందెప్పుడో ఉండి తగ్గిందా అన్నది ఆ వాక్యం ఒక్కటే చెప్పలేదు. ‘షి సెడ్ షి ఈజ్ సిక్’ అంటే ఇంకో సంగతి: చెప్పినప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉందని నా లెక్క. భూమి గుండ్రంగా ఉందన్న నిత్యసత్యాలకు కాలం మార్చొద్దని గ్రామర్ పుస్తకం చెప్పే మినహాయింపు కూడా ఇందులో భాగమే. చెప్పేవాడికి కూడా అది ఈ క్షణాన నిజమే కాబట్టి వర్తమానం నిలబడుతుంది. నిజానికి అది మినహాయింపు కాదు, అసలు సూత్రం పైకి తేలి కనిపించే చోటు.

తెలుగు దారి వేరు. తెలుగు అన్నవాడిని పక్కకు జరపదు. అతని మాటను అతని నోటి నుంచి వచ్చినట్టే ఉంచి, చివర ‘అని’ పెడుతుంది. ఇటు నీ మడి, అటు నా మడి అని చెప్పే పొలం గట్టు లాంటిది ఆ ‘అని’. గట్టుకు ఇవతల చెప్పేవాడి లోకం, అవతల అన్నవాడి లోకం. ‘రేపు ఇస్త, రేపు ఇస్త అని నెల సంది తిప్పుతుండు’ అంటే ఆ రేపు ఏ రోజుదో ఎవరూ తడుముకోరు. అది గట్టుకు అవతలి రేపు.

ఇంతకీ ‘అని’ అంటే ‘అను’ అన్న క్రియకు క్త్వార్థక రూపం. తిని, చూసి, విని అన్నట్టే అని. ‘వస్తానని చెప్పాడు’ అంటే వస్తాను అని పలికి, ఆ సంగతి చెప్పాడన్నమాట. కాలం గడిచేకొద్దీ దాని పలుకు అర్థం పలచబడి, పని మాత్రం విస్తరించింది. పిల్లవాడు చదువుకుంటాడని బాన్సువాడ పంపించామంటాం, అక్కడ ఎవరూ ఏమీ పలకలేదు. వర్షం వస్తుందని వడ్లు ఎత్తామంటాం. సాయన్న అని ఒక మేస్త్రి ఉండేవాడంటాం. గాజులు గలగలమన్నాయంటాం. మనసులో అనుకునే మాట కూడా మనకు మాటే. ‘అనుకొను’ అంటే తనకు తాను అనడం. ద్రావిడ భాషల్లో చాలావాటిలో ఈ పద్ధతే. తమిళంలో ఎన్ఱు, మలయాళంలో ఎన్ను, కన్నడంలో ఎందు, అంత, అన్నీ ‘అను’ అర్థమున్న పాత ధాతువు నుంచి వచ్చినవే. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ చుట్టరికాలు విపులంగా ఉన్నాయి.

తాటాకుల కాలంలో మనకు ఉల్లేఖన చిహ్నాలు లేవు. ఆ రెండు కొక్కేలు అచ్చుతో పాటు వచ్చాయి. అంతవరకూ ఆ పని చేసింది ‘అని’ ఒక్కటే. భారతమంతా ఒకరి మాటను మరొకరు చెప్పే కథే కదా. నైమిశారణ్యంలో ఉగ్రశ్రవసుడు శౌనకాది మునులకు చెబుతాడు, అతను చెప్పేది వైశంపాయనుడు జనమేజయునికి చెప్పిన కథ, అందులో సంజయుడు ధృతరాష్ట్రునికి యుద్ధం చెబుతాడు, ఆ యుద్ధం మధ్యలో కృష్ణుడు అర్జునునితో మాట్లాడతాడు. ఇన్ని పొరల లోపల కూడా కృష్ణుడు ‘నేను’ అన్నది ‘నేను’గానే మన చెవిన పడుతుంది. పదమూడో శతాబ్దిలో విరాటపర్వం నుంచి భారతాన్ని తెలుగు చేసిన తిక్కన పాత్రలు ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటాయని పేరు. అది ఆయన ప్రతిభ, సందేహం లేదు. ఆ ప్రతిభకు భాష కూడా చెయ్యందించింది. దీనికి సరిగ్గా ఎదురు చివర జూలియస్ సీజర్ గాల్ యుద్ధాల గురించి రాసిన గ్రంథం ఉంది. అందులో శత్రు నాయకుల ఉపన్యాసాలు చాలావరకు పేజీల కొద్దీ పరోక్షంలోనే నడుస్తాయి, వారి ‘నేను’లు ప్రథమ పురుషలో కరిగిపోతాయి. ఇంగ్లిష్ బడి వ్యాకరణం తన నమూనాలను లాటిన్ నుంచే తెచ్చుకుంది.

బాన్సువాడను ఈ వ్యాసానికి ఎంచుకున్నది ఊరికే కాదు. కొత్త జిల్లాలు ఏర్పడిన 2016 అక్టోబర్ 11 దాకా నిజామాబాద్‌లో, ఆ తర్వాత కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ పట్టణం చుట్టూ భాషలు మూడు వైపుల నుంచి వచ్చి కలుస్తాయి. మంజీర నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా కన్నడ నేలను తాకి, తెలంగాణలోకి వచ్చి నిజాంసాగర్‌లో నిండి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. జుక్కల్, మద్నూర్ దాటితే ఒక పక్క మరాఠీ, ఒక పక్క కన్నడం. బాన్సువాడ బజారులో దక్కనీ ఉర్దూ నిత్యం వినపడేదే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీళ్లకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్నారు. అందుకే ఇక్కడ ‘చెప్పిండు’ పక్కనే ‘చెప్పాడు’ వినిపిస్తుంది.

ఇప్పుడు రవి వాక్యాన్ని ఈ భాషల్లో వినండి. తెలుగులో రేపు వస్తానని చెప్పిండు. కన్నడంలో నాళె బర్తీని అంత హేళిద. మరాఠీలో ఉద్యా యేతో మ్హణూన్ సాంగితలం. దక్కనీలో కల్ ఆతుం బోల్‌కే బోలా. నాలుగింటిలోనూ ముందు రేపు, తర్వాత వస్తాను, ఆపైన ‘అని’, చివర చెప్పడం. కన్నడం, తెలుగు ఒక కుటుంబం కాబట్టి ఆశ్చర్యం లేదు. మరాఠీ, దక్కనీ సంస్కృత ప్రాకృతాల వైపు నుంచి వచ్చినవి. ఢిల్లీ, లక్నోల ఉర్దూ ‘కి’ అన్న మాటతో ‘ఉస్‌నే కహా కి’ అని ముందే తలుపు తీసి, తర్వాత మాట చెబుతుంది. దక్కన్‌కు వచ్చిన ఉర్దూ మాత్రం తన సొంత బోల్ ధాతువుతోనే ‘బోల్‌కే’ అని ఒక ‘అని’ని తయారు చేసుకుంది. సరుకు సొంతం, కట్టుబడి ఇరుగుపొరుగుది. మరాఠీ మ్హణూన్ కూడా అనడం నుంచి పుట్టిందే.

ఇలాంటి కలయికను జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్ అనే ఊరి గురించి రాసి లోకానికి చూపించారు. కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లు తరాల తరబడి పక్కపక్కన ఉండడం వల్ల పదాలు ఎవరివి వారికే మిగిలి, వాక్య నిర్మాణం దాదాపు ఒక్కటైపోయిందని వారి పరిశీలన. అంతకుముందే 1956లో ముర్రే ఎమెనో భారతదేశం మొత్తాన్ని ఒక భాషా ప్రాంతంగా చూడవచ్చన్నాడు. సంస్కృతంలోని ‘ఇతి’ మన ‘అని’ లాంటి పనే చేస్తుంది కాబట్టి అది ద్రావిడ ప్రభావమని 1967లో కైపర్ వాదించాడు. ఇండో యూరోపియన్ భాషల్లో అలాంటి పద్ధతి స్వతంత్రంగానే ఉండవచ్చునని హాన్స్ హాక్ 1982లో కాదన్నాడు. వేదకాలం సంగతి పండితులు తేల్చుకోవలసిందే. బోల్‌కే విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. బాన్సువాడ అంగడిలో పావుగంట నిలబడి వింటే చాలు.

ఇంతవరకు చెప్పింది వింటే తెలుగుకు ప్రత్యక్ష కథనం ఒక్కటే తెలుసని, ఇంగ్లిష్‌లా మార్చి చెప్పడం రాదని అనిపించవచ్చు. అసలు విశేషం ఇక్కడే ఉంది. ఏ పేపర్ తీసినా ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: ‘తాను ఈ ఎన్నికల్లో పోటీ చేయనని ఆయన స్పష్టం చేశారు.’ మనం ఆగకుండా చదివేస్తాం. ఆగి చూడండి. ‘తాను’ ప్రథమ పురుష. దానికి క్రియ ‘చేయడు’ కావాలి. కానీ ఉన్నది ‘చేయను’, ఉత్తమ పురుష. కర్త ఒక పురుషలో, క్రియ ఇంకో పురుషలో. విడిగా ‘తాను పోటీ చేయను’ అని ఎవరైనా అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘అని’ లోపల మాత్రం అది నిక్షేపమైన తెలుగు. సర్వనామం చెప్పేవాడి వైపు వచ్చేసింది, క్రియ అన్నవాడి దగ్గరే ఉండిపోయింది. వాక్యం గట్టు మీద రెండు వైపులా కాళ్లు వేసి నిలబడింది.

అమెరికా తత్త్వవేత్త డేవిడ్ కప్లన్ 1970లలో రాసి 1989లో అచ్చయిన ‘డిమాన్‌స్ట్రేటివ్స్’ అనే వ్యాసంలో, ‘నేను’ లాంటి మాటలను అసలు మాట్లాడుతున్నవాడి నుంచి విడదీసి ఇంకొకరికి అంటగట్టే పరికరం ఏ సహజ భాషలోనూ ఉండదన్నాడు. అలాంటిది ఉంటే దాన్ని రాక్షసి అనాలన్నాడు. ఇంగ్లిష్ వరకు ఆయన లెక్క సరిపోయింది. 2003లో ఫిలిప్ ష్లెంకర్ రాక్షసుల తరఫున వాదిస్తూ ఇథియోపియాలోని అమ్హారిక్ భాషను సాక్ష్యంగా తెచ్చాడు. అక్కడ ‘నేను వీరుణ్ణని జాన్ అన్నాడు’ అంటే కొటేషన్ కాకుండానే ఆ నేను జాన్ కావచ్చు. ఆ తర్వాత జాజాకీ, ఉయ్‌ఘుర్, అమెరికా ఆదివాసుల నెజ్ పెర్స్ లాంటి భాషలు ఒక్కొక్కటిగా వరసలో చేరాయి. మన పొరుగున తమిళంలో ‘తాన్’ కర్తకు క్రియ ఉత్తమ పురుషలో రావడాన్ని సంధ్యా సుందరేశన్ 2012 నాటి తన సిద్ధాంత వ్యాసంలో విశ్లేషించారు. తెలుగు ‘తాను చేయనని’ అచ్చంగా ఆ కోవలోదే. ప్రపంచం అరుదైన వింతగా పరిశోధిస్తున్న వాక్యం మన గడపలో రోజూ పొద్దున్నే పేపర్‌తో పాటు పడుతోంది.

ఈ రెండు కాళ్ల వాక్యం అలంకారానికి లేదు, దానికి ఒక పని ఉంది. జాన్ పెర్రీ అనే తత్త్వవేత్త 1979లో ఒక అనుభవం రాశాడు. సూపర్ మార్కెట్‌లో నేల మీద పంచదార ధార కనిపించింది. సంచి చిరిగినవారెవరో చెబుదామని ఆ ధార వెంట వరసల మధ్య తిరిగాడు, తిరిగేకొద్దీ ధార చిక్కబడింది. చివరికి తెలిసింది, ఆ చిరిగిన సంచి తన బండిలోనే ఉంది. ‘ఎవరో నేల పాడు చేస్తున్నారు’ అన్న తలపుకూ ‘నేను పాడు చేస్తున్నాను’ అన్న తలపుకూ మధ్య తేడా ఏమిటన్నది ఆయన ప్రశ్న. మనిషి అదే, సంచి అదే. రెండో తలపు వచ్చాకే అతను ఆగి సంచి సరిచేసుకున్నాడు.

దీన్ని మన పరీక్షల దగ్గరికి తెద్దాం. రవి తన హాల్ టికెట్ నంబరు మర్చిపోయి, నోటీసు బోర్డు మీద ఒక నంబరు చూసి ‘వీడెవడో పాసయ్యాడు’ అన్నాడు. అది అతని నంబరే, అతనికి తెలియదు. ఇంగ్లిష్‌లో ‘రవి సెడ్ హి హ్యాడ్ పాస్‌డ్’ అని ఈ సందర్భంలోనూ అనవచ్చు, తన నంబరే అని తెలిసి ఎగిరి గంతేసినప్పుడూ అనవచ్చు. తెలుగులో ‘తను పాసయ్యానని రవి అన్నాడు’ అనాలంటే రవికి అది తనేనని తెలిసి ఉండాలి. తెలియకుండా అన్నదానికి ‘పాసయ్యానని’ అంటే అబద్ధమవుతుంది, ‘పాసయ్యాడని’ అనాలి. ‘న’కూ ‘డ’కూ మధ్య ఉన్న ఆ ఒక్క హల్లులో రవికి తన సంగతి తెలుసా లేదా అన్నది ఇమిడిపోయింది. ఇంగ్లిష్ సర్వనామానికి అంత సన్నటి తేడా పట్టుకునే అవకాశం లేదు. పశ్చిమాఫ్రికాలో ఎవే లాంటి కొన్ని భాషలు ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సర్వనామాన్ని ఉంచుకున్నాయి. క్లాడ్ హజేజ్ 1974లో అలాంటి సర్వనామాలకు ‘లోగోఫోరిక్’ అని పేరు పెట్టాడు. మన పాత ‘తాను’ వాటికి దగ్గరి చుట్టం. ఈమధ్య మాటల్లో ‘తను’ను అతను, ఆమె అన్నంత మామూలుగా వాడేస్తున్నాం కాబట్టి ఆ పదును కొంత తగ్గింది. క్రియ మాత్రం ఇంకా కాపలా కాస్తోంది.

తెలుగు పద్ధతికి ఇబ్బంది లేదని కాదు. ‘నేను తప్పు చేశానని రవి చెప్పాడు’ అంటే తప్పు చేసింది రవా, చెబుతున్న నేనా? రెండూ కుదురుతాయి. ఎదురుగా ఉన్నప్పుడు గొంతు, చూపు, సందర్భం తేల్చేస్తాయి. పంచాయితీలోనో స్టేషన్‌లోనో కాగితం మీద పడ్డాక ఆ సాయం ఉండదు. జాగ్రత్తపరులైన విలేకర్లు ‘తాను’ను పట్టుకుని వదలకపోవడానికి ఇదే కారణం. ఇంకో ఇబ్బంది, ‘అని’ చివర వస్తుంది. వినేవాడికి తాను విన్నది ఇంకొకరి మాటని చివరిదాకా తెలియకపోవచ్చు. అందుకే పొడుగు మాట ఉంటే ‘రవి ఏమన్నడంటే’ అని ముందే ఒక కేక వేసి మొదలుపెడతాం.

‘అని’ కాక మనకు ఇంకో చిన్న సాధనం కూడా ఉంది. ‘బోధన్‌ల వాన పడ్డదంట.’ క్యాంపుల వైపు ‘పడిందట’. ఎవరన్నారో చెప్పక్కర్లేదు. నేను చూడలేదు, విన్నాను, పూచీ నాది కాదు, ఇంతా ఆ ఒక్క మాటలో ఉంది. ‘అంట’లో ‘అను’ జాడ పైకే వినపడుతోంది. ఇక్కడ కూడా ఇరుగుపొరుగు ఒకే తీరు: కన్నడంలో అంతె, మరాఠీలో మ్హణే, దక్కనీలో కతే. ‘వో నై ఆతా కతే’ అంటే వాడు రాడంట. సమాచారం ఎలా తెలిసిందో వ్యాకరణంలోనే చెప్పే ఇలాంటి గుర్తుల మీద అలెగ్జాండ్రా ఐఖెన్‌వాల్డ్ 2004లో ఒక పెద్ద గ్రంథం వెలువరించింది. లోకంలోని భాషల్లో సుమారు పావు వంతు ఏదో ఒక రూపంలో ఆ గుర్తు పెడతాయని ఆమె లెక్క. టర్కిష్‌లో క్రియకు ‘మిష్’ చేరితే చూసింది కాదు, విన్నదో ఊహించిందో అని అర్థం. ఇంగ్లిష్ ఇందుకు ‘ఇట్ ఈజ్ సెడ్’, ‘అప్పారెంట్లీ’ అంటూ విడి మాటలు వెతుక్కోవాలి. ఈ తేడా కోర్టులోనూ ముఖ్యమే: చూసిన సంగతి చూసినవాడే, విన్న సంగతి విన్నవాడే చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ అంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. తెలుగు సాక్షి ‘కొట్టిండంట’ అంటే ఆ తేడా అతని నోటనే తేలిపోతుంది. దాన్ని ఇంగ్లిష్‌లో రాసుకునేటప్పుడు ‘అంట’ జారిపోతే, వినికిడి కాస్తా కంటితో చూసిన సాక్ష్యమై కూర్చుంటుంది.

ఇక బడికి వద్దాం. తెలుగు పిల్లవాడికి నిజంగానే మార్చి చెప్పడం రాదా? ‘రా’ అన్న మాటను మనం ఎలా చేరవేస్తాం? ‘రమ్మన్నాడు.’ ‘పో’ అంటే ‘పొమ్మన్నాడు.’ పొమ్మనలేక పొగ పెట్టినట్టు అన్న సామెతలో ఉన్నదీ ఇదే. అయ్యవారు ‘కూర్చోండి’ అని మర్యాదగా అన్నా, ‘కూర్చో’ అని గద్దించినా, చేరవేసేటప్పుడు ‘కూర్చోమన్నారు’ ఒక్కటే. అన్నవాడి మర్యాద, గద్దింపు రెండూ రాలిపోయి ఆజ్ఞ సారం మిగిలింది. ఇది అచ్చంగా ఇంగ్లిష్ చేసే పనే, ‘హి టోల్డ్ మి టు సిట్’. ‘నన్ను రమ్మన్నాడు’లో ఆ ‘నన్ను’ కూడా చెప్పేవాడి వైపు నుంచి కొలిచినదే. అంటే మూడేళ్ల పిల్ల కూడా ‘అమ్మ నిన్ను రమ్మంది’ అన్నప్పుడు రిపోర్టెడ్ స్పీచ్ చేసేస్తోంది. పాఠం సాధారణంగా ‘రవి సెడ్’ లాంటి వాక్యాలతో మొదలై ఆజ్ఞలు చివర వస్తాయి. నా మట్టుకు నేను ఆ వరసను తిరగేస్తాను. ముందు రమ్మన్నాడు, పొమ్మన్నాడు, తినమంది, ఉండమన్నారు. పిల్లలకు చేతనైన పని ఇది అని చూపించి, అక్కడి నుంచి టు కమ్, టు గో, టు ఈట్. ఆజ్ఞకు ముందు ఎవరికన్నది రావాలి కాబట్టి టోల్డ్ పక్కన మి, హిమ్ ఉండాలన్న నియమం కూడా ఆ వరసలోనే వచ్చేస్తుంది.

తర్వాత ‘తాను’. ‘తాను వస్తానని’ అన్న పేపర్ వాక్యం చూపించి, సర్వనామం సగం దూరం నడిచిందని, ఇంగ్లిష్ మిగతా సగం కూడా నడుస్తుందని చెబితే హి ఎందుకొచ్చిందో వేరే నియమం అక్కర్లేదు. ప్రశ్నల దగ్గర పిల్లలు ఎక్కువ పడతారు. ‘ఎక్కడికి పోతున్నవని అడిగిండు’ నుంచి ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఆర్ యు గోయింగ్’ నేరుగా వచ్చేస్తుంది. తెలుగులో ప్రశ్న ‘అని’ లోపల ప్రశ్నగానే ఉండగలదు, ఇంగ్లిష్‌లో లోపలికి వచ్చిన ప్రశ్న ప్రశ్న రూపం విడిచి మామూలు వాక్యం వరసలోకి సర్దుకుంటుంది, వేర్ ఐ వాజ్ గోయింగ్ అని. అవును, కాదు అనే ప్రశ్నలకు మన ‘వస్తావా’లోని ‘ఆ’కారమే గుర్తు. అది ఇంగ్లిష్‌లో వాక్యం చివర నుంచి ముందుకొచ్చి ఇఫ్ అవుతుంది. కాలం చివర నేర్పాలి, ఎందుకంటే అందులో తెలుగు నుంచి తెచ్చుకునే ఆసరా ఏదీ లేదు. అక్కడ పిల్లవాడిని లేపి గది రెండో మూలకు పంపి, రవి మాటను నిన్నటి రోజున నిలబెట్టి, ఈరోజు నుంచి కొలవమనాలి. టుమారో అప్పుడు ఏ రోజుకు పడుతుందో వాడే చెబుతాడు, ఒక్కోసారి అది ఈరోజే అవుతుంది, అప్పుడు జవాబు టుడే అని రాసినా ఎర్ర పెన్ను ఆగకూడదు.